'మాస్ట్రో' చూసి మా అమ్మ అడిగినదానికి ఎవరైనా జవాబు చెప్పండి

తెనాలి ఆడపడుచు:

ముందే చెప్పేస్తున్నా, ఇది 2021లో నితిన్ చేసిన 'మాస్ట్రో' గురించి కాదు. ఇళయరాజా గారి గురించి అసలే కాదు. 2023 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన ఇంగ్లీషు 'మాస్ట్రో'. బ్రాడ్లీ కూపర్ తనే తీసి, తనే అమెరికా సంగీతకారుడు లెనార్డ్ బెర్న్‌స్టైన్ వేషం వేశాడు. భార్య ఫెలీషియాగా కేరీ మల్లిగన్ చేసింది. ఏడు ఆస్కార్ నామినేషన్లొచ్చి ఒక్కటీ చేతికి రాని సినిమా. అందరూ చూసేసి మర్చిపోయాక నేను మొన్న చూశాను, అదీ అమ్మతో కలిసి.

అమ్మకి డెబ్భై నాలుగు. కంటి ఆపరేషనై నెల దాటింది, టీవీ చూడొచ్చన్నారని మా ఇంట్లో ఉంది. ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చుని చెబుతూ పోయాను.

"ఎవరే ఈయన?"

"పెద్ద కండక్టరమ్మా."

"ఏ డిపో?"

నవ్వకండి. మా మేనమామ ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు, ఆవిడకి తెలిసిన కండక్టరు ఆయనొక్కడే. వందమంది వాయిస్తుంటే ముందు నిలబడి చేతులూపుతాడని చెప్పాను. "తను ఏమీ వాయించడా?" అంది. వాయించడన్నాను. కాసేపు ఆలోచించి "మరి అందరికంటే ఎక్కువ చెమట ఈయనకే పడుతోందే!" అంది. అక్కణ్ణుంచి బుద్ధిగా చూసింది.

ఎందుకు చూసిందో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న పద్యనాటకాలకి హార్మణీ వాయించేవాడు. సంక్రాంతి దాటిందంటే తిరునాళ్ళు, పందిళ్ళు, ఒక్కో రాత్రి ఒక్కో ఊరు. తెల్లవారుజామున లారీ దిగి, పెట్టె వసారాలో పెట్టి, మధ్యాహ్నం దాకా నిద్ర. లేచి నాలుగు మెతుకులు తిని మళ్ళీ ఇంకో ఊరు. రాయబారం పద్యాలన్నీ అమ్మకి కంఠతా వచ్చు, పొయ్యి దగ్గర కూర్చుని నేర్చుకున్నవే. కానీ నాన్న వాయిస్తుంటే స్టేజీ ముందు కూర్చుని చూసింది మాత్రం నాలుగైదు సార్లు, అదీ మా ఊరి శ్రీరామనవమి పందిట్లో. జనం "వన్స్‌మోర్" అని అరిచేది కృష్ణుడి వేషగాడికి. నాన్న తలెత్తకుండా మళ్ళీ శ్రుతి అందుకునేవాడు. ఆ అరుపులో సగం తనదేనని ఆయనకి తెలుసు, దానికోసమే బతికాడు. ఇంటికొచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. ఇంతకంటే ఆయన గురించి ఇక్కడ చెప్పను, పోయినవాడు.

సినిమాకొస్తాను. నలుపు తెలుపుల భాగంలో ఒక షాట్ ఉంది. ఆయన స్టేజీ మీద కండక్ట్ చేస్తుంటే, ఆవిడ పక్క తెర చాటున నిలబడి ఉంటుంది. ఆయన నీడ గోడంత పెద్దదై ఆవిణ్ణి కప్పేస్తుంది, చేతులు ఆడుతూనే ఉంటాయి. అమ్మ "ఊఁ" అంది, అంతే.

తర్వాత రంగులొచ్చాయి, పిల్లలొచ్చారు, మగస్నేహితులొచ్చారు. ఆ సంగతి అమ్మకెలా చెప్పాలా అని నేను నసుగుతుంటే, "నాకు తెలుస్తోందిలే, నువ్వు అవతలిది చెప్పు" అంది. ఆయన ఏదో పెద్ద రచన ముగించి సంబరంగా బయటికొచ్చి చెబుతాడు, ఆవిడ కట్టుబట్టలతో స్విమ్మింగ్ పూల్లోకి దూకి నీళ్ళ అడుగున కూర్చుంటుంది. ఆ తర్వాత థాంక్స్‌గివింగ్ పండగనాటి గొడవ. కెమెరా కదలదు. గదిలో మొగుడూ పెళ్ళాం ఒకర్నొకరు చీల్చుకుంటుంటారు, నీ మనసంతా ద్వేషమేనని ఆవిడంటుంది, అదే సమయానికి కిటికీ బయట ఊరేగింపులో స్నూపీ కుక్క బొమ్మ, మేడంత గాలిబుడగ, మెల్లగా తేలుతూ పోతుంది. అమ్మ పగలబడి నవ్వింది. "మనింట్లోనూ ఇంతేగా, లోపల మీ నాన్నా నేనూ అరుచుకుంటుంటే బయట పందిట్లో మైకు ఆగేదా?"

ఆఖర్న ఇంగ్లండులో ఈలీ అనే ఊళ్ళో పెద్ద చర్చి. మాలర్ అనే సంగీతకర్త రాసిన రెండో సింఫనీ ముగింపు, ఆరు నిమిషాల పైనే. పాడేవాళ్ళు, ఆర్గన్, గంటలు, ఈయన గెంతులు, చెమట. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి, అబద్ధం చెప్పను. కెమెరా తిరిగి తిరిగి వచ్చేసరికి ముందు ఒక ఆడమనిషి వీపు కనిపిస్తుంది. ఫెలీషియా. ఒక పక్కగా నిలబడి చూస్తోంది. అయిపోగానే ఆయన దిగొచ్చి కావలించుకుంటాడు. నీ మనసులో ద్వేషం లేదని ఆవిడంటుంది. అంటే క్షమించేసిందన్నమాట.

నేను కళ్ళు తుడుచుకుంటుంటే అమ్మ అడిగింది: "అంత పెద్ద గుళ్ళో ఆవిడకో కుర్చీ వెయ్యలేదేం?"

నా దగ్గర జవాబు లేదు. ఇంకోటి కూడా అడిగింది. "ఆవిడ కూడా నటి అన్నావు కదే, మరి ఆవిడ నాటకం ఒక్కటన్నా సరిగ్గా చూపించలేదేం?" నిజమే. మొదట్లో ఖాళీ థియేటర్లో ఇద్దరూ స్క్రిప్టు పట్టుకుని చదువుకునే సీను బాగుంది. ఆ తర్వాత ఆవిడ పని అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క అయిపోయింది.

నా ప్రశ్నలివే. నిజ జీవితంలోనూ గొడవ ముందూ, ఈ చర్చి కచేరీ వెనకా జరిగిందా? పాట వినగానే క్షమించేసిందనేది నిజమా, కూపర్ కల్పనా? ఆవిడ నిజంగా నటేనా, పెళ్ళితో మానేసిందా? తెలిసినవాళ్ళు చెప్పండి. అమ్మ రోజూ అడుగుతోంది.

స్టూడియో ఫిడేలు, వడపళని:

అక్కా, "ఏ డిపో"కి మా సెక్షన్ మొత్తం నవ్వింది. నేను సినిమా రికార్డింగుల్లో వయొలిన్ వాయిస్తాను, మూడో వరుస. మాకూ ముందొకాయన నిలబడి చేతులూపుతాడు, కానీ చెవిలో తాళం చెప్పే క్లిక్ టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది కాబట్టి ఆయన రాకపోయినా పాట అయిపోతుంది. బెర్న్‌స్టైన్ పని అలాంటిది కాదు. క్లిక్కూ లేదు, రెండో టేకూ లేదు.

మొదటి ప్రశ్నకి జవాబు: వరస తిప్పేశారు. ఈలీ కచేరీ 1973లో జరిగింది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, జానెట్ బేకర్, షీలా ఆర్మ్‌స్ట్రాంగ్ పాడారు. అప్పుడే హంఫ్రీ బర్టన్ ఫిల్ముగా తీశాడు, వీడియో దొరుకుతుంది, అమ్మగారికి పెట్టండి. బెర్న్‌స్టైన్ ఇల్లు వదిలి టామ్ కాత్రన్ అనే కుర్రాడితో ఉండటానికి వెళ్ళింది 1976లో. అంటే క్షమించిన కచేరీ జరిగిన మూడేళ్ళకి అసలు గొడవ! సినిమాలో గొడవ తర్వాత ఆయన జనం ముందు షోస్టకోవిచ్ అనే రష్యన్ సంగీతకర్త పద్నాలుగో సింఫనీ గురించి మాట్లాడతాడు చూడండి, అది కూడా నిజానికి 1976 డిసెంబరుదే. దాన్ని ముందుకు లాగి, 1973ని వెనక్కి నెట్టి, మధ్యలో మూడేళ్ళు మింగేశాడు కూపర్.

కల్పనే. అయినా నేను సినిమా పక్షమే, ఎందుకో చెప్తా. ఆ సీను తీసింది అదే చర్చిలో, అదే ఆర్కెస్ట్రాతో, అక్కడికక్కడే వాయిస్తూ. ఆరు నిమిషాల కోసం ఆరేళ్ళు నేర్చుకున్నానని కూపర్ చెప్పాడు. యానిక్ నెజె సెగాన్ అనే పెద్ద కండక్టరు నేర్పాడు. చేతులూపడం నటించడం ఎంత కష్టమో మాకు తెలుసు. పాట విని చెయ్యి ఊపితే ఆలస్యమైపోతుంది, చెయ్యి ముందు పడాలి, ధ్వని వెనక రావాలి. మన సినిమాల్లో హీరో వీణ వాయించే సీన్లు గుర్తు తెచ్చుకోండి, వేళ్ళు ఒక ఊళ్ళో, స్వరం ఇంకో ఊళ్ళో. ఇక్కడ అది లేదు. రెండుమూడు చోట్ల కూపర్ మరీ ఎక్కువ కష్టపడుతున్నాడనిపిస్తుంది, కానీ 1973 వీడియో చూస్తే అసలాయనా అంతే. పూనకం.

నా ఫిర్యాదు వేరు. మాలర్ రెండోది గంటన్నర దాకా సాగుతుంది. ఆ ఆఖరి ఆరు నిమిషాలు అలా పేలడానికి కారణం, దానికి ముందు కోరస్ వచ్చే తీరు. రెండొందల మంది ఊపిరి బిగబట్టి, ఎక్కణ్ణుంచో తెలియనంత మెల్లగా అందుకుంటారు. నేను చర్చిలో కాదు, మామూలు హాల్లో ఒక్కసారి విన్నాను, పాట మొదలైందని తెలియడానికే నాకు కాసేపు పట్టింది. సినిమా అది వదిలేసి పేలుడు ఒక్కటే చూపించింది. పాయసంలో జీడిపప్పులు ఏరి పెట్టినట్టు. బెర్న్‌స్టైన్ సంగీతం కట్టిన 'వెస్ట్ సైడ్ స్టోరీ' లాంటి పాటల నాటకం ఎలా తయారైందో కూడా చూపించకుండా దాటేశారు. సంగీతం మీద సినిమా అనుకుని కూర్చున్న మా బ్యాచ్ కుర్రాళ్ళు సగంలో లేచిపోయారు.

కుర్చీ సంగతి మాత్రం... అక్కా, రికార్డింగప్పుడు మా ఆవిడ ఎప్పుడన్నా వస్తే నేనూ గ్లాసు తలుపు పక్కన నిలబెట్టేవాణ్ణి. ఇప్పుడు గుర్తొచ్చింది.

బెజవాడ బాబాయ్:

అంత పెద్ద సినిమాలో నాకు కనపడింది ఆ ముక్కు ఒక్కటే. కూపర్ అతికించుకున్న ఆ ముక్కు మీద గొడవ జరిగింది కదా, ఎవరూ మాట్లాడరేం?

ఇకపోతే పెళ్ళాం బిడ్డల్ని పెట్టుకుని ఊరంతా తిరిగినవాడి మీద ఇంత కళ ఎందుకండీ? 'మహానటి'లో జెమినీ గణేశన్ని మనం తిట్టుకున్నామా లేదా? ఈయనకి మాత్రం సింఫనీ వాయించగానే మాఫీ.

రిటైర్డ్ ఇంగ్లీషు మేష్టారు, విశాఖ:

బాబాయ్ గారూ, ముక్కు సంగతి రెండు ముక్కల్లో. యూదుల్ని వెక్కిరించినట్టుందని 2023 ఆగస్టులో గొడవైతే, బెర్న్‌స్టైన్ ముగ్గురు పిల్లలూ జేమీ, అలెగ్జాండర్, నీనా కలిసి ప్రకటన ఇచ్చారు, మా నాన్న ముక్కు నిజంగానే పెద్దది, మాకేమీ అభ్యంతరం లేదని. అక్కడితో ఆ కథ అయిపోయింది. (మాస్ట్రో అంటే ఇటాలియన్‌లో మన మేష్టారే. ఈ వంకన నాకూ ఈ చర్చలో కాస్త హక్కుంది.)

మాఫీ సంగతి అంత తేలిక కాదు. తెనాలి అమ్మాయి గారూ, మీ అమ్మగారికి ముందు ఇది చెప్పండి: ఫెలీషియా మోసపోలేదు. ఆవిడకి మొదట్నుంచీ తెలుసు. 2013లో బెర్న్‌స్టైన్ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి, అందులో పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఆయనకి రాసిన ఉత్తరం ఉంది. నా మాటల్లో చెబుతాను. నువ్వు స్వలింగ సంపర్కుడివి, ఎప్పటికీ మారకపోవచ్చు, నీ ఆరోగ్యం, నీ మనసు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటే ఏం చేస్తాం. నువ్వెలా ఉన్నావో అలాగే ఒప్పుకుంటాను, కానీ త్యాగమూర్తినై నీ గుడిలో బలి కావడానికి మాత్రం నేను సిద్ధంగా లేను. ముప్ఫై ఏళ్ళ పిల్ల ఇలా రాసింది. నేను ముప్ఫై ఆరేళ్ళు పాఠాలు చెప్పాను, అంత సూటిగా ఎవరూ ఉత్తరం రాయగా చూడలేదు.

వాళ్ళు కలిసింది 1946లో, పియానిస్టు క్లాడియో అరావ్ ఇచ్చిన విందులో. ఆవిడ పుట్టింది కోస్టారికాలో, పెరిగింది చిలీలో, అరావ్ దగ్గర పియానో నేర్చుకోవాలని న్యూయార్క్ వచ్చింది. నిశ్చితార్థం జరిగింది, చెడింది. మళ్ళీ కలిసి 1951 సెప్టెంబరు 9న పెళ్ళి. ఈ మధ్యలో గడిచిన ఐదేళ్ళ సంగతి సినిమా దాదాపు పట్టించుకోదు. నాకు అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

ఆయన వైపు నుంచీ ఒక్కమాట. 1943 నవంబరు 14, కచేరీ చెయ్యాల్సిన కండక్టరు బ్రూనో వాల్టర్‌కి ఫ్లూ వస్తే ఇరవై ఐదేళ్ళ బెర్న్‌స్టైన్ రిహార్సల్ లేకుండా కార్నెగీ హాల్లో ఎక్కాడు, దేశమంతా రేడియోలో విన్నది, మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీ. సినిమాలో నలుపు తెలుపుల భాగం మొదలయ్యేది ఆ ఫోన్‌తోనే. అంతా ఆహా అన్నారు, కానీ ఆ అమెరికాలో ఇలాంటి సంగతి బయటపడితే ఉద్యోగం గల్లంతు. పెళ్ళి కాని మగవాడికి పెద్ద ఆర్కెస్ట్రా అప్పగించరని అనుకునే రోజులు. గురువు కూసెవిట్జ్కీ అయితే యూదుడి పేరు కూడా వద్దు, బర్న్స్ అని మార్చుకోమన్నాడు. పేరు మార్చుకోలేదు. రెండోది దాచుకున్నాడు. గుట్టుగా ఉన్నంతకాలం ఆ ఇల్లు నిలబడింది. డెబ్భైల్లో ఆయన గుట్టు వదిలేశాడు. ఆవిడకి కోపం వచ్చింది ఆయన స్వభావం మీద కాదు, మాట తప్పినందుకని నేననుకుంటాను. సినిమాలో ఆ బాధ బాగా పట్టుకున్నది గొడవ సీను కాదు, కెనడీ సెంటర్ సీను. అది వాషింగ్టన్‌లో ఉన్న పెద్ద హాలు, 1971లో ఆయన రాసిన 'మాస్' అనే సంగీత రచనతో మొదలైంది. చీకట్లో ఆయన పక్కనున్న కుర్రాడి చెయ్యి పట్టుకుంటాడు, ఇవతల పక్క భార్య కూర్చుని చూస్తుంది. ఆవిడ కన్ను కదిలిన తీరు చాలు. కుర్చీ ఉన్న సీను అదొక్కటే, ఆ కుర్చీలో ఆవిడ కూర్చోలేకపోయింది.

ఇక ఆవిడ నటేనా అంటే, అవును, మంచి నటి. టెలివిజన్ కొత్తగా వచ్చిన రోజుల్లో నాటకాలు లైవ్‌గా వేసేవారు, తప్పయితే దేశమంతా చూస్తుంది. అక్కడ ఆవిడ కథానాయిక. 1949లో 'స్టూడియో వన్' అనే టీవీ నాటకాల వరసలో, హాలీవుడ్ నటుడు చార్ల్టన్ హెస్టన్ పక్కన చేసింది. పెళ్ళయ్యాక తగ్గింది గానీ మానలేదు. 1976లో, ఆయన వదిలి వెళ్ళిన సంవత్సరమే, బ్రాడ్వేలో నాటకం వేసింది. 1973లో, మన ఈలీ సంవత్సరంలోనే, మెట్రోపాలిటన్ ఒపేరాలో ఆండ్రొమకీ వేషం కట్టింది. ఆ పాత్రకి పాట లేదు, మాట లేదు. చుట్టూ వందమంది పాడుతుంటే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి నోరు విప్పకుండా స్టేజీ దాటి వెళ్ళిపోవడమే వేషం. నేనైతే సినిమాలో ఈలీ పక్కన దీన్ని పెట్టేవాణ్ణి. కూపర్‌కి తోచలేదు. 'మహానటి'లో ఎడమ కంట్లోంచి రెండే చుక్కలు రాల్చే సీను ఉంది చూడండి, ఒక్క నిమిషంలో ఆవిడ పనితనం తెలిసిపోతుంది. అలాంటి నిమిషం ఒక్కటి ఫెలీషియాకి బాకీ పడ్డారు.

ఇంకో బాకీ: 1970 జనవరిలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడుతూ జైల్లో ఉన్న బ్లాక్ పాంథర్ల కుటుంబాల కోసం వాళ్ళింట్లో చందాల విందు పెట్టింది ఆవిడే. పత్రికలు గొప్పోళ్ళ సరదా అని ఏకిపారేశాయి, ఆయనకంటే ఆవిడ ఎక్కువ నలిగింది. సినిమాలో ఒక్క ముక్క లేదు.

బెజవాడ బాబాయ్:

ఉత్తరం సంగతి నాకు తెలీదు మేష్టారూ. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలియకుండా చేశారు.

న్యూజెర్సీ కోడలు:

నేను ఎడిసన్‌లో ఉంటాను. కిందటి శీతాకాలం మా అత్తగార్ని తీసుకుని బ్రూక్లిన్‌లో గ్రీన్‌వుడ్ శ్మశానానికి వెళ్ళాను. శ్మశానానికి షికారేమిటని ఆవిడ దారంతా సణిగారు, లోపలికెళ్ళాక చెట్లు చూసి ఇక రానన్నారు. బెర్న్‌స్టైన్‌ది పెద్ద సమాధేమీ కాదు, నేలకి పరిచిన రాయి, దానిమీద ఎవరో గులకరాళ్ళు పెట్టి వెళ్ళారు, యూదుల ఆచారం. పక్కనే ఫెలీషియా. ఆవిడ 1978 జూన్ 16న పోయింది, ఊపిరితిత్తుల కాన్సర్. యాభై ఆరేళ్ళు. అంతకుముందు ఏడాదే ఆయన తిరిగి వచ్చేశాడు, ఆఖరిదాకా దగ్గరున్నాడు, సినిమాలో ఆ భాగం నిజమే. ఆయన ఇంకో పన్నెండేళ్ళు బతికి 1990లో పోయాడు. గుండెల మీద మాలర్ ఐదో సింఫనీ స్వరాల పుస్తకం పెట్టి పూడ్చారు.

ఆవిడ పోయాక ఆయన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌లో ఆవిడ పేరు మీద నిధి పెట్టాడు. ఆవిడ హక్కుల పనులు చేసేది కాబట్టి.

ఆంటీకి ఆవిడ నటన చూపించాలంటే పాత టీవీ నాటకాలు దొరకడం కష్టంగానీ, గొంతు దొరుకుతుంది. బెర్న్‌స్టైన్ మూడో సింఫనీ 'కడిష్' ఉంది. అందులో ఒక మనిషి పాడకుండా మాట్లాడతారు. 1964లో అమెరికాలో మొదటిసారి బోస్టన్‌లో వాయించినప్పుడు మాట్లాడింది ఫెలీషియానే. ఆ ఏడే న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో రికార్డు చేశారు, ఆయనే కండక్టరు. వెతకండి, ఫోన్లోనే వస్తుంది.

తెనాలి ఆడపడుచు:

అందరికీ నమస్కారాలు. నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మకి మొత్తం చదివి వినిపించాను. ఉత్తరం దగ్గర "చదువుకున్న పిల్ల" అంది. వరస తిప్పేశారని చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "నాటకమన్నాక కాటిసీను ఆఖర్నే పెట్టుకుంటారు, జనం లేచిపోకుండా" అంది. మేష్టారూ, మాటల్లేని వేషం సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

సమాధి దగ్గర కొంచెం గొడవైంది. పక్కపక్కనే పూడ్చారు, ఆయన గుండె మీద స్వరాల పుస్తకం పెట్టారని చెప్పాను. "చచ్చాక కూడా మధ్యలో పుస్తకమేనా!" అని గయ్యిమంది. మధ్యలో కాదమ్మా, మీద పెట్టారంటే వినదు. మా నాన్న పెట్టె ఇంకా తమ్ముడింట్లో బీరువా మీద ఉంది, బెల్లోస్ చిరిగిపోయాయి, అమ్మ దాన్ని అమ్మనివ్వదు, తుడవనూ తుడవదు. ఇది ఎందుకు చెబుతున్నానో నాకూ తెలీదు.

ఫిడేలు తమ్ముడూ, ఆ గ్లాసు తలుపు దగ్గర ఒక స్టూలన్నా వెయ్యి.

సాయంత్రం 'కడిష్' పెట్టాను. మొదట్లోనే ఆవిడ గొంతు వచ్చింది. అమ్మ మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నదల్లా లేచి కూర్చుంది.

"ఏమంటోంది?"

"దేవుడితో మాట్లాడుతోందమ్మా. పోనుపోను పోట్లాట పెట్టుకుంటుంది."

"ఎవరు రాశారు ఆ మాటలు?"

"ఆయనే."

"వెనక వాయించేది?"

"వాళ్ళే, వందమంది. ముందు ఆయనే నిలబడ్డాడు."

కాసేపు విన్నది. నడుమ ఆర్కెస్ట్రా ఒక్కసారిగా విరుచుకుపడితే ముఖం చిట్లించింది, అది తగ్గి మళ్ళీ ఆ గొంతు ఒక్కటే మిగిలినప్పుడు చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దంది. నాన్న పద్యానికి శ్రుతి అందించేటప్పుడు వంటింట్లోంచి మమ్మల్ని అలాగే కసిరేది.

"ఈ గొంతుకి హార్మణీ అక్కర్లేదే" అంది. "మొదటికి తిప్పు. వాళ్ళ వాయింపు రాకముందు దాకా చాలు."

తిప్పాను. మూడుసార్లు తిప్పించింది. నాలుగోసారి ఎలా తిప్పాలో నేర్పించుకుని ఫోను తన దగ్గరే పెట్టుకుంది. ఇప్పుడిది మా ఆయన ఫోన్లోంచి రాస్తున్నాను.